వద్దుకు కొమ్ము

షాపు, కౌంటరు వెనక
ఎండలు తగ్గుముకం

ఎర్ర సిరా అక్కకి,

తమ్ముడు నమసరించి రాయునది. నమస్కారం నిజంగానే పెట్టాను. కౌంటరు ముందున్న మనిషి తనకే అనుకుని తిరిగి పెట్టాడు. ఊరికే పోలేదు.

పార్సిల్ విప్పగానే లోపలున్నది చూసి జడుసుకోకు. అది బొద్దింక కాదు, మౌసు. తుపాకీ ఆటలు ఆడేవాళ్ళ మౌసు. పొట్ట కింద రంగురంగుల దీపాలు వెలుగుతాయి. వాటికీ నీ జబ్బుకీ ఏ సంబంధమూ లేదు. ఆర్పడం నాకు చేతకాలేదు, అంతే.

ఫోనులో నీ మాట ఈ మధ్య నాకు సగమే అందుతోంది. మిగతా సగం నేనే ఊహించుకుంటున్నాను. నా ఊహలో నువ్వు నన్ను మెచ్చుకుంటున్నావు, కాబట్టి ఊహ తప్పని తేలిపోతోంది. అందుకే ఇకనుంచి ఉత్తరాలు. నీ తరఫున బావ రాస్తానన్నాడు గానీ నేను ఒప్పుకోలేదు. బస్సు డిపోలో ఇంజన్లు విప్పే చెయ్యి అది. ఆయన రాసేది ఉత్తరంలా ఉండదు, కావలసిన సామాను చీటీలా ఉంటుంది.

బావ చెప్పాడు. నీ మణికట్టు లేవడం లేదట. చూపుడువేలూ బొటనవేలూ మాత్రం కొంచెం కదులుతున్నాయట. పాత మౌసుతో బాణాన్ని తెర ఈ చివరనుంచి ఆ చివరికి తీసుకెళ్ళాలంటే ఎవరో ఒకరు మౌసుని ఎత్తి ఎత్తి పెట్టాలట. ఈ మౌసుతో ఆ బాధ లేదు. బల్ల మీద చిటికెడు కదిపితే తెర మీద బారెడు పోతుంది. నా ఇంటర్నెట్ షాపులో ఎవడైనా బూతులు మాట్లాడితే నేను కౌంటరు దగ్గర కూర్చునే వాడి మౌసు వేగం తగ్గించేస్తాను. పాపం, వాడు నత్తలా పాకుతూ ఆటలో చచ్చిపోతాడు. ఆ విద్యనే తిరగేసి నీకు పంపిస్తున్నాను.

షాపులో ఉన్నట్టే నీ కంప్యూటర్లో కూడా లినక్సే ఉంది, నేనే వేశాను కదా. టెర్మినల్ అని ఒక నల్ల కిటికీ తెరుచుకుంటుంది. వెనక కాగితం మీద నేను రాసిన వరుసని బావ చేత పొల్లు పోకుండా కొట్టించు. ఆఖర్న ఒక అంకె ఉంటుంది. ఒకటి అంటే పూర్తి వేగం, సున్నా అంటే మామూలు. తెర మీదే అక్షరాల మీటలు కనబడతాయి, బాణం తీసుకెళ్ళి బొటనవేలితో నొక్కడమే.

జవాబు రాయి. తిట్టినా సరే.

నీ అచ్చుతప్పు


కిటికీ పక్క కుర్చీ

ఒరే అచ్చుతప్పూ,

బొద్దింక చేరింది. 'నమస్కరించి'లో కావత్తు మింగేశావు. 'తగ్గుముఖం'లో ఖకి వత్తు లేదు. ప్రెస్సులో ప్రూఫులు దిద్దే ఉద్యోగం మానేశాక ఖాళీగా ఉంటాననుకున్నాను. నువ్వుండగా ఆ భయం లేదు.

వచ్చిన రోజున బాణం అసలు కదల్లేదు. మీ బావ మౌసుని తలకిందులు చేసి చూశాడు, విప్పుతానని స్క్రూడ్రైవరు కూడా తెచ్చాడు. ఆ కాగితం నాకు చూపించమన్నాను. నువ్వు అంకె ముందు ఒక అడ్డగీత గీశావు. అందం కోసం గీశావో, కలం జారిందో, నీకే తెలియాలి. ఆయన పొల్లు పోకుండా కొట్టమన్నావని ఆ గీతని కూడా కొట్టాడు. మైనస్ ఒకటి అయింది. నీ షాపులో బూతులు మాట్లాడేవాళ్ళకి పడే శిక్ష నాకు పడింది.

గీత తీసేశాక నడిచింది. సాయంత్రం వరకూ బాగానే ఉంది. కరెంటు దండగని మీ బావ కంప్యూటరు ఆపేశాడు. పొద్దున తెరిస్తే మళ్ళీ మొదటికొచ్చింది. ఆయన డిపోకి వెళ్ళిపోయాడు. ఆ రోజంతా నేను మూగదాన్నే.

ఇంకొకటి. వేలు గబుక్కున కదిపితే బాణం దూరం పోతోంది. మెల్లగా కదిపితే వేలు నడిచినంత మేర కూడా పోవడం లేదు. నేను గబుక్కున కదపగలిగితే ఈ బొద్దింక నాకెందుకురా.

ఇక అసలు సంగతి. ఊపిరి తీసుకునే కండరాలు కూడా చేతి దారే పట్టాయని డాక్టరమ్మ చెప్పింది. ఇంకొన్నాళ్ళకి గొంతుకి రంధ్రం చేసి గొట్టం పెట్టి, మిషనుతో ఊపిరి ఆడించవచ్చట. ఒకసారి పెట్టాక తియ్యడం అంత తేలిక కాదట. అప్పటికి ఈ వేలు కూడా ఉండదు. అందుకే ముందే అడిగి రాయించుకుంటారట. ఆవిడ మాట పూర్తవకముందే మీ బావ "పెట్టండి" అన్నాడు. ఆవిడ నా వైపు చూసింది. ఆయన చూడలేదు.

దీని గురించి నీతో మాట్లాడాలి. జవాబు రాయి. వేళాకోళం తర్వాత.

అక్క


షాపు, వెనక గది
వాన మొదలైంది

ఎర్ర సిరా అక్కకి,

ఆ అడ్డగీత అందం కోసమే గీశాను. రెండోసారి గియ్యను.

నీ బాణం సంగతి అర్థమైంది. కంప్యూటరుకి పుట్టుకతోనే ఒక పొగరుంటుంది. గబగబా కదిలేవాడికి అడిగినదానికంటే ఎక్కువ ఇస్తుంది. మెల్లగా కదిలేవాడికి ఉన్నదాంట్లో కూడా కోత పెడుతుంది. ఇలాంటి వాళ్ళ దగ్గర మనిద్దరం చాలాచోట్ల క్యూలో నిలబడ్డాం కాబట్టి వివరించనక్కర్లేదు. దానికి విరుగుడు ఉంది. సెట్టింగుల్లో 'ఫ్లాట్' అని ఉంటుంది. అది పెడితే మెల్లగా కదిపినా గబగబా కదిపినా ఒకటే కొలత, వేలు ఎంత నడిస్తే బాణం దానికి తగ్గట్టు అంతే నడుస్తుంది. ఆ వరుస కూడా రాశాను. ఈసారి టైపు చేసి పంపుతున్నాను. నా దస్తూరీ మీద నాకే నమ్మకం పోయింది.

ఇక మతిమరుపు సంగతి. కంప్యూటరు తెరుచుకున్నప్పుడల్లా ఈ వరుసలు దానంతటదే చదువుకునేలా ఒక ఫైలు పెట్టాను. బావ దాన్ని నేను చెప్పిన చోట పడేస్తే చాలు. అక్కడినుంచి ఆయన ఎన్నిసార్లు ఆపినా ఫర్వాలేదు. అసలు ఆపొద్దని కూడా చెప్పు. కరెంటు బిల్లు పెరిగితే నా పేరు చెప్పి తిట్టుకోమను.

నువ్వు రాసిన రెండో సంగతి ఉందే, డాక్టర్లు అలాగే అంటారులే. ఇప్పట్నుంచీ దానికి తొందరేముంది. ముందు ఫ్లాటు పెట్టించు. నిన్న ఒకాయన వచ్చి గంటకి ఎంత అని అడిగి, కుర్చీలో కూర్చుని, హాయిగా నిద్రపోయి, లేచి లెక్క కట్టి వెళ్ళాడు. ఇంట్లో నిద్ర పట్టడం లేదట. నా షాపుకి ఇంత మర్యాద ఎప్పుడూ దక్కలేదు.

నీ అచ్చుతప్పు


అదే కుర్చీ, వీపు వెనక దిండ్లు

ఒరే,

ఫ్లాటు బాగుంది. మెల్లగా వెళ్ళినా వెళ్తోంది. చాలా రోజుల తర్వాత నా చెయ్యి నా మాట విన్నట్టుంది. అందుకు నిన్ను మెచ్చుకుంటున్నాను. ఇది ఊహ కాదు.

కానీ రెండో సంగతి అన్నావు. అది మొదటిది. రెండోది మౌసు.

నేను ఈ మాట తెర మీద రాయడం మొదలుపెడితే చాలు, మీ బావ పొయ్యి మీద ఏదో మాడుతోందని లేచి వెళ్ళిపోతాడు. పొయ్యి వెలిగించే ఉండదు. ఆయన్ని ఏమనడానికీ లేదు. ఆగిపోయిన ప్రతి బండినీ నడిపించి పంపడమే ఆయనకి తెలిసిన పని. నువ్వు చెప్తే వింటాడు. నా తరఫున నువ్వు చెప్పు.

వేలు అలిసింది. సూటిగా రాస్తున్నాను. నాకు గొట్టం వద్ద


షాపు, కౌంటరు

ఎర్ర సిరా అక్కకి,

నీ ఉత్తరం సగంలో ఆగింది. నాకు గొట్టం వద్ద, అన్నావు. వద్ద అంటే దగ్గర అని నువ్వే కదా చిన్నప్పుడు చెవి మెలిపెట్టి చెప్పావు. గొట్టం వద్ద ఏమిటి మరి? గొట్టం వద్ద కుర్చీ వేయించాలా? గొట్టం వద్ద బావ కూర్చుని పాటలు పాడాలా? ఆయన పాడితే మిషనే ఆగిపోతుంది, ఆ పని మాత్రం పెట్టకు.

ఇన్నేళ్ళూ నా వాక్యాలు నువ్వు పూర్తి చేశావు. ఒక్కసారి నీ వాక్యం నేను పూర్తి చేశాను. బావకి ఫోను చేసి చెప్పవలసింది చెప్పేశాను. ఆయన తేలికపడ్డాడు. నువ్వూ ఇక దాని గురించి ఆలోచించకు. వేలికి విశ్రాంతి ఇవ్వు.

మౌసు చక్రం కింద చిన్న బొత్తం ఉంటుంది. దాన్ని నొక్కితే వేగం ఇంకో మెట్టు ఎక్కుతుంది. వేలు బరువనిపించినప్పుడు బావని నొక్కమను.

నీ అచ్చుతప్పు


మంచం

అచ్చుతప్పూ,

ఇది విడతలుగా రాస్తున్నాను.

మీ బావ నవ్వుతున్నాడు. "ఒప్పుకున్నావట కదే, నాతో ఒక్క మాట అనొచ్చుగా" అని నా నుదురు తుడిచాడు. సంతకాల కాగితం తెచ్చి బీరువాలో పెట్టాడు. నేను కళ్ళతో కాదన్నాను. నాకు దాహమేమో అనుకున్నాడు. నీళ్ళు పట్టాడు.

ఆ రోజు కొమ్ము కోసమే వెళ్ళానురా. మీటల్లో కొమ్ముకి ఇటు పక్క గుడి, అటు పక్క ప. మొదట గుడిలో పడ్డాను. చెరిపాను. మళ్ళీ వెళ్తే ప. చెరిపాను. తర్వాత వేలు రాలేదు. తప్పుందని తెలిసీ పంపడం నా జన్మలో అదే మొదలు. చదివేవాడు నువ్వే కదా అనుకున్నాను.

చెయ్యి జారి పడేది అచ్చుతప్పు. నువ్వు చేసింది అది కాదు. రాసినవాళ్ళ మాట చూసి, తెలిసి, మార్చి అచ్చు వేశావు. ప్రెస్సులో అలాంటివాణ్ణి ఆ పూటే పంపేస్తారు.

వద్దు. కొమ్ము చూసుకో. వద్దు.


షాపు, షట్టరు దించి

అక్కా,

నువ్వు రాసింది నాకు అప్పుడే అర్థమైంది. అర్థం కాకపోతే బావకి ఫోను చేసేవాణ్ణే కాదు. "అక్క సరేనంది బావా" అన్నాను. ఆయన "నీ నోట్లో చక్కెర పొయ్యరా" అన్నాడు. ఫోను పెట్టేశాక కూడా వేళాకోళంగానే ఉంది నాకు. నీకు ఆ ఉత్తరం రాసేటప్పుడు కూడా, పాటల సంగతి రాసి నేనే నవ్వుకున్నాను. నువ్వు పంపింది చదివాక షట్టరు దించాను.

నీ కోసం చెప్పలేదు. మిషను మీదైనా సరే, మంచంలో అయినా సరే, నువ్వు అక్కడ ఉంటే నేను తప్పులు రాస్తూ ఉండొచ్చు అనుకున్నాను. నువ్వు దిద్దలేకపోయినా ఫర్వాలేదనుకున్నాను. నువ్వు ఎలా ఉంటావన్నది లెక్కలోకి తీసుకోలేదు. నేను ఎలా ఉంటానన్నదే చూసుకున్నాను.

నన్ను ఆ పూటే పంపేస్తారని రాశావు. పంపితే నీ దగ్గరికే పంపు. వస్తున్నాను.

మౌసు పని కూడా మిగిలింది. వేగం అంకె ఇప్పటికే ఒకటి దగ్గర ఉంది, అంతకంటే ఎక్కదు. ఇంకో దారి ఉంది. తొమ్మిది అంకెల గడి ఒకటి ఉంటుంది. అందులో మొదటిదాన్నీ నడిమిదాన్నీ పెంచితే చిటికెడు కూడా అక్కర్లేదు, వేలి కింద చర్మం కదిలినా బాణం వెళ్తుంది. చిక్కేమిటంటే వణుకుని కూడా అలాగే పెంచుతుంది. కాబట్టి మీటలు పెద్దవి చేస్తాను. నొక్కే పని కూడా లేకుండా, బాణం మీట మీద కాసేపు నిలిస్తే చాలు, అదే పడేలా పెడతాను. అంకెలు ఇక్కడ కూర్చుని పెట్టలేను. నీ వేలు చూస్తూ పెట్టాలి.

బావని తెర ముందు కూర్చోబెట్టే పని నాది.

తమ్ముడు


షాపు, తిరిగి వచ్చాక

అక్కా,

నేను అక్కడ ఉన్నన్నాళ్ళూ నువ్వు చూస్తూనే ఉన్నావు, మళ్ళీ రాయడానికేముంది అనుకోకు. నువ్వు తెర చూస్తున్నావు కాబట్టి నీకు కనబడనిది కొంత ఉంది. అది రాస్తున్నాను.

నేను గడిలో అంకెలు మారుస్తుంటే బావ నా వెనకే నిలబడ్డాడు. బాణం ఎగిరి మూలకి పోతే "తగ్గించు", కదలకపోతే "పెంచు" అంటూ ఉన్నాడు. ఇంజను సరిచేస్తున్నట్టే ఉంది ఆయనకి, ఉత్సాహంగా ఉన్నాడు. బాణం మెత్తగా నీ వేలి వెంట నడిచింది చూశావా, అప్పుడు ఆయన నా వీపు చరిచాడు. నువ్వు మొదటి అక్షరం వైపు వెళ్ళగానే లేచి వంటింట్లోకి పోయాడు. నేనూ వెనకాలే వెళ్ళాను. పొయ్యి చల్లగా ఉంది. ఆయన దానివైపే చూస్తూ నిలబడ్డాడు.

"అక్క సరే అనలేదు బావా. నేను అబద్ధం చెప్పాను" అన్నాను.

కొడతాడనుకున్నాను. కొట్టలేదు. "ఎందుకురా?" అన్నాడు.

"నువ్వు ఈ పొయ్యి దగ్గరికి ఎందుకు వస్తున్నావో అందుకే."

చాలాసేపు గిన్నె మూత తీసి పెట్టాడు, తీసి పెట్టాడు. ఖాళీ గిన్నె. తర్వాత, "ఆగిపోతుందని ముందే తెలిసి కూడా చేతులు కట్టుకుని నిలబడాలా? నా వల్ల అవుతుందట్రా అది?" అన్నాడు.

"నిలబడొద్దు. కూర్చో. పక్కన కూర్చుంటే చాలు" అన్నాను. "ఆవిడ అడుగుతున్నది కూడా అంతే. నువ్వు లేచి వెళ్ళిపోతున్నావు."

ముఖం కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. అది నీకు తెలుసు. ముఖం రెండుసార్లు కడుక్కున్నాడు, అది తెలియదు. "అడుగుతున్నానే, చెప్పు" అన్నాడు కదా, అప్పుడు ఆయన చెయ్యి నా మోకాలి మీద ఉంది. ఇప్పటికీ అక్కడ కమిలి ఉంది. డిపో చెయ్యి.

వ పడింది. ద పడింది. పొల్లు పడింది, మళ్ళీ ద. నువ్వు కొమ్ము వైపు వెళ్తూ గుడి మీద కాస్త తూలావు. నేను మౌసు వైపు చూడలేదు, బావ ముఖం చూస్తున్నాను. బాణం వెనక్కొచ్చి కొమ్ము మీద ఆగింది. అది ఇంకా పడలేదు. ఆయన పెదవులు ముందే ఆ మాట అనేశాయి. గొంతు లేదు, పెదవులే. ఆయనకి ఎప్పుడో తెలుసక్కా. ఆయన తెలియనట్టున్నది నువ్వు చెప్పలేనందుకు కాదు, నేను మార్చినందుకూ కాదు. మొదటి రోజు డాక్టరమ్మ ముందు నీ వైపు చూడలేదన్నావే, చూస్తే కనబడుతుందని చూడలేదు.

కాగితం మార్చడానికి ఆయనే వెళ్తానన్నాడు. నన్ను రావద్దన్నాడు. వెళ్ళేముందు చొక్కా మార్చుకున్నాడు.

షాపు తీశాను. ఎవరితోనూ వేళాకోళం ఆడాలనిపించలేదు. ఒంట్లో బాగాలేదా అని అందరూ అడుగుతున్నారు.

తమ్ముడు


మంచం

తమ్ముడూ

కాగితం మారింది. ఆయన చదివి వినిపించాడు. తప్పుల్లేవు.

ఇప్పుడు లేవడం లేదు. పక్కనే ఉంటున్నాడు.

ఊపిరి చిన్నదైంది. వేలు కూడా. ఇక రాయను. కోపం లేదు.

నువ్వు రాయి. పెద్దవి. ఆయన చదువుతాడు. దిద్దను


షాపు, కౌంటరు వెనక

అక్కా,

పెద్దది రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను. జవాబు కోసం కాదు. నువ్వు దానికోసం వేలు కదపొద్దు.

వాన వెలిసింది. ఎదురు మేడ మీద ఎవరో దుప్పట్లు ఆరేశారు. గాలికి ఒకటి ఎగిరి మన షాపు బోర్డు మీద పడింది. బోర్డు మీద పేరు కనబడకపోయేసరికి షాపు ఎత్తేశాననుకుని ఇద్దరు వెనక్కి వెళ్ళిపోయారట. మధ్యాహ్నం వరకూ నాకు తెలియదు. గిరాకీ లేదని లోపల కూర్చుని లోకాన్ని తిడుతున్నాను. దుప్పటి గల మనిషి వచ్చి నన్నే దబాయించింది, మా దుప్పటి మీ బోర్డు మీద ఎందుకు వేసుకున్నారని. చలేసిందమ్మా దానికి, అన్నాను. ఆవిడ నవ్వలేదు. మడిచి చంకన పెట్టుకుని పోయింది.

అది చెప్పాలనిపించింది, అంతే. మొన్నటివరకూ ఏది జరిగినా నీకు ఎలా రాయాలా అనే చూసేవాణ్ణి. ఇప్పుడూ అలాగే చూస్తున్నాను, అలవాటు పోలేదు.

డాక్టరమ్మ ఏమందో బావ ఫోనులో చెప్పాడు. బాధ లేకుండా చూస్తామందట. రాబోయే వారం నేను వచ్చి ఉంటాను. షాపుకి తాళం వేసుకునే వస్తాను, మళ్ళీ ఎప్పుడు తీస్తానో రాసి అతికించలేదు. వచ్చినా ఈ ఉత్తరాలు ఆపను. నీ మంచం పక్కన కూర్చుని రాసి, అక్కడే బావ చేతికిస్తాను. నేనే చదవొచ్చు కదా అనకు. నాకు గొంతు నిలవదు. ఆయనకీ నిలవదనుకో, కానీ నాకంటే నయం.

బావా, ఈ ముక్క నీకు. తొందరపడి చదవకు. అక్షరం అక్షరం కూడబలుక్కునైనా చదువు.

అక్కా, ఆయన మధ్యలో ఆగుతాడు. నాకు తెలుసు. ఆగినప్పుడు నువ్వు కూడా కాస్త ఆగు.

తమ్ముడు